రంగు పోయిన నీళ్లు

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకీ వస్తున్న రోజులు. కర్నూలులో పరిశోధన చేస్తున్నాను. అద్దకం రంగు కలిసిన నీళ్లను కార్బన్ నానోట్యూబులనే నల్లటి పొడితో తేటపరచడం నా పని. కాలేజీలో ప్రదర్శన పెట్టి, ముఖ్య అతిథిగా కమలాపురం వైపు చీరల అద్దకం షెడ్డున్న ఒక పెద్దమనిషిని పిలిచాం. ఆ షెడ్డు ఎర్రనీళ్లు ఊరివాళ్లు నీళ్లు తాగే వంకలో కలుస్తున్నాయని అక్కడ రోజూ గొడవ.

ఆయన ఎదుటే ఎర్రనీళ్లలో చిటికెడు పొడి వేసి, బాగా కలిపి, వడగట్టాను. నీళ్లు తేటగా దిగాయి. చప్పట్లు మోగుతుండగానే ఆయన వాటిని అరచేతిలో పోసుకుని, తీర్థంలా తాగేసి, తడిచెయ్యి తలకు రాసుకున్నాడు!

మా గైడు ముఖం ఆ పొడికన్నా నల్లబడింది.

"సార్, అవి తాగకూడదు!" అని అరిచాను.

"శుభ్రమైనాయంటివి గదప్పా!"

"రంగు మాత్రమే పోయింది సార్. ఇంకా ఏమేం మిగిలాయో పరీక్షించలేదు."

ఆయన్ని తీసుకుని ఆస్పత్రికి పరుగెత్తాం. అదృష్టం, ఏమీ కాలేదు. మంచం మీద లేచి కూర్చుని నన్ను దగ్గరికి పిలిచాడు.

"ఆ పొడి మా షెడ్డుకు గూడా కావాలప్పా. రంగు కనపడకుంటే ఊరోళ్లు గూడా నా మాదిరే తాగేస్తారు. ఇంక గొడవ యాడుంటాది?"

నా పరిశోధనను అంత త్వరగా అర్థం చేసుకున్న మనిషి నాకు మళ్లీ తగల్లేదు.