చెల్లెలు తెంపిన లైను

మా చెల్లెలి ఇంట్లో ఇస్త్రీ బల్ల కింద ఒక పాత కంప్యూటరు ఉంది. దాని ఫ్యాను మోతకి పక్కవీధి పిల్లి కాపురం మార్చేసింది. అబద్ధం పాపమని కాన్వెంటులో నేర్చుకున్నవాణ్ని, కాబట్టి ఇందులో ముప్పాతిక నిజం.

ఆ కంప్యూటరే సర్వరు. దేశదేశాల గడియారాల మెకానిక్కులు కొందరు అందులో చేరి కబుర్లాడుకుంటారు. మా బావదీ అదే పని. పగలంతా కంటికి భూతద్దం బిగించుకుని కొట్లో ఒంటరిగా కూర్చునే మనిషికి ఆ కబుర్లే ఊపిరి. ఈ నెట్‌వర్కుకి ఒక్క యజమాని ఉండడు. ఎవరికి నచ్చిన సర్వర్లో వాళ్లు చేరి, మిగతా సర్వర్లవాళ్లతోనూ మాట్లాడుకోవచ్చు. మునుపు వాళ్లున్న సర్వరు మూతపడబోతుంటే, జనం కిటకిటలాడే పెద్దదానిలో చేరదామన్నాడు బావ.

చెల్లెలు అద్దె ఇల్లు చూసినట్టు ఒక్కొక్క సర్వరూ చూసింది. నియమాలు చదివింది, నడిపేవాళ్లకు ప్రశ్నలు పంపింది.

"అంతంత మేడల్లో తలుపు కొడితే పలికే దిక్కు లేదు. నేనే పెడతా," అంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా రిటైరైన మనిషి. నేర్చుకుని మరీ పెట్టింది.

అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చింది. ఒక పెద్ద సర్వరు నుంచి ఓ గుంపు, మా వాళ్లలో కొత్తగా చేరిన మెకానిక్కు అమ్మాయిని బూతులు తిట్టడం మొదలెట్టింది. ఒకణ్ని ఆపితే పదిమంది. అక్కడి యజమానికి రాస్తే ఉలుకూ పలుకూ లేదు. ఇక ఆ సర్వరుతో సంబంధమే తెంచాలి, అప్పుడు అక్కడివాళ్లెవరి మాటా ఇటు రాదు. కానీ బావ ప్రాణస్నేహితుడు, గోడగడియారాల ముసలాయన, ఉండేది అక్కడే.

"వాడేం చేశాడే పాపం?"

"ఆ పిల్ల మాత్రం ఏం చేసిందండీ?"

"నా ఒక్కడి కోసం చిన్న కన్నం ఉంచకూడదూ?"

"కన్నం ఉంచితే దొంగలూ అందులోంచే వస్తారు. ఎక్స్ఛేంజిలో లైను కలపడమే కాదు, తియ్యడమూ నా పనే. కావాలంటే ఆయన్నే ఇటు రమ్మని రాయండి."

బావ రాశాడు. జవాబు లేదు. సర్వరు మారితే ఆయన ఇన్నేళ్లుగా పెట్టిన గడియారాల ఫొటోలన్నీ అక్కడే ఉండిపోతాయి, ఎవరికి మనసొప్పుతుంది? చెల్లెలు లైను తెంపేసింది.

బావ ఆమెతో మాట మానేశాడు. భోజనాల దగ్గర, "బావగారూ, మీ చెల్లెల్ని ఆ ఉప్పు ఇటు జరపమనండి," అని నాతో చెప్పించేవాడు. నేను మోసుకెళ్లేవాణ్ని, కాస్త కారం కలిపి.

ఒకరోజు సర్వర్లో చేరతానంటూ కొత్త అర్జీ వచ్చింది. 'ఎందుకు చేరాలనుకుంటున్నారు?' అన్న ప్రశ్న కింద గోడగడియారాల ముసలాయన బావకే రాశాడు: "మీ ఆవిడతో పోట్లాడదామనుకున్నాను. ముందు మావాళ్లు ఆ అమ్మాయిని ఏమన్నారో చదివాను. పోట్లాట మానుకున్నాను. ఫొటోలు పోతే పోయాయి, గడియారాలు నా దగ్గరే ఉన్నాయి."

"ఇంకేం, తలుపు తియ్యవే!" అన్నాడు బావ.

"ఆగండి. నియమాలు చదివానని టిక్కు పెట్టలేదు," అని అర్జీ తిప్పి పంపింది మహాతల్లి! ముసలాయన టిక్కు పెట్టి మళ్లీ పంపాడు.

ఆమె మా చెల్లెలని నేను దారినపోయేవాళ్లకు కూడా చెబుతుంటాను. అందులో మాత్రం నూటికి నూరుపాళ్లూ నిజం.

ఆ పూట భోజనాల దగ్గర బావ గొంతు సవరించుకున్నాడు. నేను ఉప్పు కబురుకి సిద్ధమయ్యాను.

"ఏమేవ్," అన్నాడు ఆమెతోనే, "ఆ ఉప్పు ఇలా జరుపు."