మా చెవులమ్మ పెట్టని సంతకం

నేను ఊరిబడిలో ఏడో తరగతి దాకానే చదివాను. ఆ తరవాత నన్ను బస్సు చదివించింది. పందొమ్మిదేళ్ళు బస్సు తోలాను. పన్నెండేళ్ళు డిపోలో కొత్త డ్రైవర్లకు నేర్పాను. నా చేతికింద రెండువందల పన్నెండు మంది తయారయ్యారు. వాళ్ళలో ఒక్కడి బండి కింద కూడా మనిషి పడలేదు. మూడు పతకాలిచ్చారు, ఒక గోడగడియారం ఇచ్చారు. గడియారం ఇప్పటికీ నిమిషం తప్పకుండా నడుస్తోంది. కానీ నేను గొప్పగా చెప్పుకునేది వీటి గురించి కాదు. నలభై మూడు మందికి నేను సంతకం పెట్టలేదు. "ఇతనికి ఇంకా బండి ఇవ్వరాదు" అని రాసిన ఆ నలభై మూడు కాగితాల నకళ్ళూ నా రేకుపెట్టెలో భద్రంగా ఉన్నాయి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేను రాయబోయే మనిషి మా చెల్లెలి కూతురు. ఆ పిల్ల కూడా ఒక సంతకం పెట్టలేదు. అందుకు ఆమెను ఎలా సాధించారో తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

చిన్నప్పుడు ఎవరు ఏం చెప్పినా నోరు మూసుకుని చెవులప్పగించి వినేది. అందుకని మేం చెవులమ్మ అని పిలిచేవాళ్ళం. పెద్దయ్యాక కౌన్సెలర్ అయింది. పద్నాలుగేళ్ళు ఒక పెద్ద ఆసుపత్రిలో, మనసు చెదిరి వచ్చినవాళ్ళ ఎదురుగా కూర్చుని వాళ్ళు చెప్పేది వింది. నలభై ఒకటో ఏట డాక్టరేట్ చదువుతానంది.

"కౌన్సెలర్‌వి నువ్వే కదే, మళ్ళీ ఏం నేర్చుకుంటావు?" అన్నాను.

"కౌన్సెలర్లకు నేర్పడం నేర్చుకుంటా మావయ్యా. కొత్తవాళ్ళు పని చేస్తుంటే వెనక ఉండి దిద్దడం. దాన్నే సూపర్‌విజన్ అంటారు."

"అంటే నా ఉద్యోగమే!"

"అచ్చం నీదే. కాకపోతే నేర్పేవాడికని నీ కాళ్ళ దగ్గర రెండో బ్రేకు ఉండేది. నాకుండదు."

మా ఆవిడ వంటింట్లోంచి, "ఇక చూస్కోండి, ఈయన రేపట్నుంచి డాక్టరుగారే" అంది.

ఆ చదువులో మూడో ఏడాది ఆమె చేతికింద ఒక ట్రైనీని పెట్టారు. ముప్ఫై ఏళ్ళవాడు, మంచి మాటకారి. మా ఇంట్లో వాడి పేరు మైకు. వాడు ఎవరితో కూర్చుని మాట్లాడినా, ఆ వచ్చినవాళ్ళ ఒప్పుదలతో రికార్డు చేస్తారు. మా చెవులమ్మ ఆ రికార్డింగులు వినాలి, వారానికోసారి వాణ్ణి కూర్చోబెట్టి చర్చించాలి, టర్మ్ ఆఖర్న ఫారం మీద "ఒంటరిగా పని చేయడానికి సిద్ధం" అని సంతకం పెట్టాలి, లేదంటే "సిద్ధం కాలేదు" అని రాసి సంతకం పెట్టకుండా వదిలెయ్యాలి.

ఆమె మా పైవాటాలో ఉంటుంది. నేను కాఫీ పట్టుకెళ్ళేసరికి చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిలో పెన్సిలు, ముందు గళ్ళకాగితం. అర నిమిషానికో గుర్తు. ట్రైనీ మాట్లాడితే గీత, వచ్చిన మనిషి మాట్లాడితే చుక్క, ఇద్దరూ ఊరుకుంటే ఖాళీ. వచ్చిన మనిషి ఎవరో, ఏ కష్టంతో వచ్చాడో నాకు నేటికీ తెలియదు. ఒక్కసారి వినిపించవే అంటే, "తలుపవతల నిలబడి ఆ మాట అడుగు మావయ్యా, లోపల్నుంచి గడియ పెట్టుకుంటా" అంది. కానీ కాగితం కనిపిస్తుంది కదా. ఆరు కాగితాలు. అన్నిట్లోనూ గీతలే గీతలు. నూరు గడులుంటే డెబ్బై పైన గీతలు. ఖాళీ గడి ఒక్కటంటే ఒక్కటి లేదు.

"వచ్చినాయన ఒక్క క్షణం ఆగితే చాలు, వీడు దూరిపోతాడు" అంది, కాగితం మీద పెన్సిలు విసిరేసి. "ఆ క్షణం దాటితేనే కదా ఆయన అసలు సంగతి చెప్పేది!"

నాకు వెంటనే అర్థమైంది. మలుపు దగ్గర హారన్ మీదే చెయ్యి పెట్టి బ్రేకు మరిచిపోయే డ్రైవర్లను నేనెంతమందిని చూడలేదు!

ఫారం మీద "సిద్ధం కాలేదు" అని రాసింది. అక్కడ మొదలైంది గొడవ.

ఆ చదువులో ఒక నియమం ఉందట. ట్రైనీ గట్టెక్కితేనే, అతనికి నేర్పినవాళ్ళ టర్మ్ లెక్కలోకి వస్తుందట. ట్రైనీ తప్పితే నేర్పడం చేతకానట్టేనట. అంటే మా అమ్మాయి నిజం రాస్తే తన టర్మ్ పోతుంది. అబద్ధం రాస్తే మంచి మార్కులు. ఈ నియమం రాసిన మహానుభావుడు ఎవరో గానీ, ఒక్క రోజు మా డిపోలో నా పక్కన కూర్చుని ఉంటే బాగుండేది. ఇదే నియమం మాకుంటే నా నలభై మూడు మందీ రోడ్ల మీద ఉండేవాళ్ళు. జనం ఆసుపత్రుల్లో ఉండేవాళ్ళు.

డిపార్ట్‌మెంట్ హెడ్డు ఆమెను రమ్మని కబురు చేశాడు. తోడుగా నేనూ వెళ్ళాను. వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. తలుపు ఓరగా తీసే ఉంది.

"చూడమ్మా, కుర్రాడు తెలివైనవాడు. ఉద్యోగంలో పడ్డాక అదే వస్తుంది. 'సంతృప్తికరం' అని రాసెయ్. నీకూ వచ్చే ఏడాదికి థీసిస్ అయిపోతుంది" అన్నాడాయన.

"ఉద్యోగంలో పడ్డాక ఎవరి మీద నేర్చుకుంటాడు సార్?" అంది మా అమ్మాయి.

ఇక నేను ఆగలేదు. లేచి లోపలికెళ్ళాను. నా పందొమ్మిదేళ్ళు, పన్నెండేళ్ళు, రెండువందల పన్నెండు, నలభై మూడు, అన్నీ వరసగా అప్పజెప్పాను. ఆయన ఓపిగ్గా విని నవ్వాడు.

"పెద్దాయనా, బస్సు వేరు, మనసు వేరు."

"వేరేనండీ. బస్సు గుద్దితే చప్పుడైనా అవుతుంది" అన్నాను.

ఆయన తలుపు వైపు చెయ్యి చూపించాడు. వరండాలోకి రాగానే మా అమ్మాయి నా మీద విరుచుకుపడింది.

"నా తరఫున మాట్లాడమని నిన్నడిగానా? మైకు కంటే నువ్వే నయమనుకున్నా! నీ మీద గీతలు గీస్తే కాగితం చాలదు."

ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో నాకు దూరంగా ముందు సీట్లో కూర్చుంది. నేనూ మూతి ముడుచుకునే కూర్చున్నాను. మంచి చేసినవాడికి దక్కేది ఇదేనా అని!

సంగతి డిపార్ట్‌మెంట్ కమిటీ దాకా వెళ్ళింది. కమిటీవాళ్ళు కొత్త పేచీ పెట్టారు. మైకుతో ఆమె వారం వారం చేసిన చర్చలనూ రికార్డు చేసేవారట, అవి కూడా కావాలన్నారు. పంపేముందు తనవి తనే విందట. అదే గళ్ళకాగితం, అదే పెన్సిలు. ఈసారి గీత తనకు, చుక్క మైకుకు. మర్నాడు పొద్దున్నే కాగితం తెచ్చి నా ముందు పెట్టింది.

"చూడు మావయ్యా. మూడోవారం. నోరు తగ్గించుకోవాలని వాడికి ఇరవై నిమిషాలు ఉపన్యాసమిచ్చాను. వాణ్ణి నోరెత్తనివ్వలేదు."

అన్నీ గీతలే. అచ్చం మైకు కాగితంలాగే ఉంది.

"అయితే ఏమైంది, దాన్ని పంపకు" అన్నాను. దాపరికం ఎందుకు, ఆ మాట నేనే అన్నాను.

"పంపుతా. పక్కన రాసి మరీ పంపుతా. నా తప్పు నాది, అంతమాత్రాన వాడు సిద్ధమైపోడు" అంది.

పంపింది. కమిటీవాళ్ళు ఎగిరి గంతేశారు. తప్పు తనే ఒప్పుకుంది కాబట్టి టర్మ్ రద్దు, మళ్ళీ మొదట్నుంచి చేయాలని ఉత్తరం. ఆ ఆరు కాగితాల గురించి ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. బండి గుద్దినవాణ్ణి వదిలేసి, నా బ్రేకు కాస్త వదులుగా ఉందండీ అని తనే వచ్చి చెప్పినవాణ్ణి ఇంటికి పంపడమంటే ఇదే. చదువుకున్నవాళ్ళే అంతమంది కూర్చుని రాసిన ఉత్తరం అది!

ఈసారి ఎవరైనా నెమ్మదైన ట్రైనీని తీసుకోమని అందరూ చెప్పారు. నేనూ చెప్పాను. వారం తిరక్కుండా మా గేటు దగ్గర మైకు ప్రత్యక్షం.

"మేడం ఉన్నారా అండీ? నేను మళ్ళీ ఆవిడ దగ్గరే..."

"నీ మూలంగా మా పిల్లకి టర్మ్ అంతా పోయింది, తెలుసా?" అన్నాను.

"అది కాదండీ, మీరు కాస్త ఆగి నేను చెప్పేది..."

"అదే నాయనా నీ రోగం!"

పైనుంచి చెవులమ్మ తొంగిచూసింది. "మావయ్యా, గేటు తియ్యి" అంది. అంతే. రాతపూర్వకంగా వాణ్ణే అడిగి తీసుకుంది. ఇంకోసారి వాడు తప్పితే తన చదువే పోతుందని తెలిసీ.

ఆ టర్మ్‌లో నేను కాఫీ ఇచ్చి మాట్లాడకుండా దిగిపోయేవాణ్ణి. కాగితాలు మాత్రం చూసేవాణ్ణి. నాలుగో నెలలో మొదటిసారి ఖాళీ గడులు కనిపించాయి. వరసగా ఐదు. వాటి తరవాత కాగితం చివరిదాకా చుక్కలే. ఆమె హెడ్‌ఫోన్లు తీసి కళ్ళు తుడుచుకుంది. ఏం విందో నేనడగలేదు, ఆమె చెప్పలేదు.

టర్మ్ ఆఖర్న "సిద్ధం" అని రాసి సంతకం పెట్టింది. కమిటీవాళ్ళు ఆమెకు "అత్యుత్తమం" ఇచ్చారు. అదే మనిషి, అదే ట్రైనీ! సంతకం పెట్టిన టర్మ్‌కి అత్యుత్తమమట, పెట్టనన్న టర్మ్‌కి సున్నా అట. ఆ నియమం ఇప్పటికీ అలాగే ఉంది. నేను రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. మూడోది రాస్తున్నాను.

టర్మ్ రద్దు చేసిన ఉత్తరాన్ని ఆమె చెత్తబుట్టలో వేయబోతుంటే నేను లాక్కున్నాను.

"దాన్నేం చేసుకుంటావు మావయ్యా?"

"నీకెందుకే" అన్నాను.

నా రేకుపెట్టెలో ఇప్పుడు నలభై నాలుగు కాగితాలున్నాయి.