గడ్డానికి కట్టిన గుడ్డ

మా ముత్తాత నరసప్ప. తాత ఓబులప్ప. ఇద్దరూ మూడు ఊళ్లకు మునసబులు. తాత వీధిలో నడిస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవాళ్లు. వాళ్ల పేర్లు చెప్పగలను, నా పేరు చెప్పను. పదేళ్లకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఆ అబద్ధం చెల్లింది వాళ్ల పేరు మీదే.

వాళ్ల నుంచి నాకు దక్కింది మీసం ఒక్కటే. బోర్లు ఒకదాని తర్వాత ఒకటి ఎండి, పొలం చేతులు మారాక, తొంభైల చివర్లో నేను అనంతపురంలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ అసిస్టెంటుగా చేరాను. డాక్టరు చేయి చాపితే కత్తెరో దారమో అందించే పని. తాత చేయి చాపితే పదిమంది పరుగెత్తేవాళ్లని వింటూ పెరిగినవాణ్ణి. ఆ మంటంతా మీసంలో పెట్టుకున్నాను. మాస్కు బిగిస్తే కొనలు నలుగుతాయని పై దారం వదులుగా కట్టేవాణ్ణి. రెండు పక్కలా కొనలు బయటికి కనిపించేవి. కనిపించాలనే కదా అలా కట్టింది!

మస్తాన్ అదే థియేటర్లో పరికరాలను ఆటోక్లేవ్‌లో పెట్టి శుద్ధి చేసేవాడు. నాకంటే పెద్దవాడు, అయినా నన్ను అన్నా అనేవాడు. నేను వద్దనలేదు. నిండు గడ్డం. దాన్ని కప్పడానికి అతని భార్య తెల్లగుడ్డతో సంచుల్లాంటివి కుట్టి ఇచ్చింది. చెవుల మీదుగా కట్టుకుంటే ఒక్క వెంట్రుక బయటికి రాదు. రోజూ ఉతికి, ఆవిరి పట్టించినదే కట్టుకునేవాడు.

"ఏమప్పా, గడ్డానికీ గోచీ పెట్టినావే!" అని అందరినీ నవ్వించేవాణ్ణి. అతనూ నవ్వేవాడు.

ఒకరోజు రాప్తాడు దగ్గరి పల్లె నుంచి లక్ష్మీదేవి అనే కూలిమనిషిని కాన్పుకు తెచ్చారు. కడుపు కోసి బిడ్డను తీయాల్సి వచ్చింది. రక్తం ఎంతకీ ఆగలేదు. చివరికి ఆగింది. డాక్టరు తలెత్తి నా వైపు చూసి నవ్వి, మళ్లీ కోత మీదికి వంగాడు. మా ఇంట్లో పని నెగ్గితే మగవాళ్ల చేయి మీసం మీదికి పోతుంది. నా చేయి కూడా పోయింది. గ్లౌజుతోనే. కొన మెలితిప్పి, అదే వేళ్లతో కుట్లు వేసే దారం అందుకున్నాను.

ట్రేతో గుమ్మంలో ఉన్న మస్తాన్ చూశాడు. దగ్గరికొచ్చి, నాకు మాత్రమే వినపడేలా అన్నాడు.

"అన్నా, గ్లౌజులు మార్చుకో. చేయి మీసానికి తగిలినాది."

"నీ గడ్డం సంగతి నువ్వు చూసుకోప్పా."

గ్లౌజులు మార్చుకోవడానికి ఒక్క నిమిషం పట్టేది. నాకు తెలియదా? మీసంలో, ముక్కులో ఎన్ని క్రిములుంటాయో కొత్తగా చేరిన నర్సులకు నేనే చెప్పేవాణ్ణి. కానీ ఆటోక్లేవ్ మనిషి చెబితే ఓబులప్ప మనవడు వినడమా? దారం అందించాను.

అయిదో రోజుకు ఆమె కుట్లు చీము పట్టాయి. మళ్లీ విప్పాల్సి వచ్చింది. డాక్టరు మమ్మల్ని పిలిచి, తప్పు ఎక్కడ జరిగిందని అడిగాడు. ఎవరూ నోరు తెరవకముందే నేను తెరిచాను.

"గడ్డమే సార్. ఎంత కట్టినా వెంట్రుకలు రాలవా?"

మస్తాన్ గొంతు పెంచలేదు. "నా గడ్డానికి గుడ్డ ఉండాది సార్. ఈయన మీసానికేముండాది?"

డాక్టరు కసిరాడు. "వాళ్ల తాతను మా నాయన ఎరుగును. ఆ ఇంటోళ్లు అబద్ధం చెప్తారా? గడ్డమన్నా తీసెయ్, పనన్నా మానుకో."

మస్తాన్ నా వైపు చూశాడు. నేను నిజం చెబుతానని ఆగాడేమో. నేను గోడ వైపు చూశాను. అతను గుడ్డ విప్పి, మడిచి, జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ చీము నా మీసం వల్లే వచ్చిందా? ఎవరూ పరీక్ష చేయించలేదు. వేరే కారణమూ ఉండొచ్చు. ఇన్నేళ్లూ ఈ మాట చాటునే దాక్కున్నాను. ఛీ! క్రిమి ఎక్కడిదో నాకు తెలియకపోవచ్చు, అబద్ధం ఎక్కడిదో తెలియదా? ఇంటిపేరు విని విచారణ ముగించిన ఆ డాక్టరు మీద ఒళ్లు మండుతుంది. మీసం చూసి లేచి నిలబడిన ఆ జనం మీద, వాళ్లను నిలబెట్టిన మా తాత మీద మండుతుంది. అందరి మీదా తిరిగి తిరిగి ఆ కోపం నా దగ్గరికే వస్తుంది.

లక్ష్మీదేవి బతికింది. ఆ ఏడు వేరుశనక్కాయల పనికి పోలేకపోయింది. తర్వాత ఒకసారి కదిరి బస్సులో కనిపించింది. ఒళ్లో బిడ్డ, ఒక చేయి పొత్తికడుపు మీద. "బాగుండావా సార్?" అని నవ్వింది. నేను దిగాల్సిన చోటు రాకముందే దిగిపోయాను. మస్తాన్ తాడిపత్రిలో బండలు పాలిష్ చేసే చోట చేరాడట. ఆ గుడ్డే ఇప్పుడు రాతిదుమ్ముకు అడ్డంగా ముక్కుకు కట్టుకుంటున్నాడని చూసినవాళ్లు చెప్పారు. తాడిపత్రి ఎంత దూరం? బస్సెక్కితే పోవచ్చు. పోలేదు.

మీరు నన్ను క్షమించనక్కర్లేదు. నేను అడగడం లేదు. మా ఇంట్లో ఎవరికీ అడగడం రాదు, అదే మా రోగం. ఒకరికి చెప్పాను, ఊపిరి కొంచెం ఆడుతోంది. అంతే.

మీసం ఇంకా ఉంది. దాన్ని దువ్వడానికి మా ఇంట్లో ముత్తాత నాటి వెండి దువ్వెన ఒకటి ఉండేది. నేను ఆ థియేటర్లో చేరకముందే నాయన దాన్ని అనంతపురంలో అమ్మేశాడు.