కుట్టని పుస్తకం

ఆ ఏడు చలి చుట్టంలా వచ్చి పోలేదు, అద్దెకు దిగినట్టు కూర్చుంది. రేపో మాపో పోతుందనుకున్న వారం గడిచిపోయింది, ఆ తర్వాతి వారమూ గడిచిపోయింది. గ్రంథాలయం వెనక గదిలో మైదా జిగురు ఆరనని మొండికేసింది. సోమవారం ప్రెస్సులో బిగించిన పుస్తకాన్ని బుధవారం తీసి చూసినా వీపు మెత్తగానే ఉండేది. బైండరమ్మ వేళ్ళ పరిస్థితీ అంతే. పొద్దుటిపూట వంగేవి కావు, వంగితే మళ్ళీ తిన్నగా నిలబడేవి కావు.

గ్రంథాలయాధికారి దగ్గర్నుంచి ఇంట్లో మొగుడి దాకా అందరూ ఆమెను బైండరమ్మ అనే పిలుస్తారు. ఇరవై రెండో ఏట ఆ గదిలో పనికి చేరింది. అప్పటి మేస్త్రి మొదటిరోజు జిగురు కలపడం కూడా నేర్పకముందే ఒక నియమం చెప్పాడు.

"అమ్మాయ్, బైండరు పుస్తకం చదవకూడదు. కన్ను అక్షరం మీద పడిందా, చెయ్యి ఆగిపోతుంది. అడుగున పేజీ నంబరు చూడు, వరస సరిపోయిందా, పక్కన పెట్టు. అంతే."

ముప్పై రెండేళ్ళుగా ఆమె అంతే చేసింది. మేస్త్రి పోయాడు, నియమం మిగిలింది. అయితే పుస్తకానికి ముందుగా చిరిగేది మొదటి పేజీ, ఆ తర్వాత చివరి పేజీ. వాటిని అతికేటప్పుడు ఎంత వద్దనుకున్నా నాలుగు వాక్యాలు కంట పడతాయి. అందుకని కొన్ని వేల కథలు ఎలా మొదలయ్యాయో, ఎలా ముగిశాయో ఆమెకు తెలుసు. మొదటి పేజీలో పెళ్ళే వద్దన్నవాడు చివరి పేజీలో మనవణ్ణి ఎత్తుకుని ఉంటాడు. పడవ ఎక్కినప్పుడు ఏడుగురు, ఒడ్డు చేరినప్పుడు ఒక్కడు. నడుమ ఏం జరిగిందన్నది మాత్రం ఆమెకు ఎన్నడూ తెలియలేదు. ఎవరినైనా అడిగితే, ముప్పై రెండేళ్ళు పుస్తకాల మధ్య ఉండి ఇదేం ప్రశ్న అంటారని అడగలేదు కూడా.

ఒక ఆదివారం పొద్దున్న ఇంటి వెనక గదిలోకి జిగురు గిన్నె కోసం వెళ్ళింది. ఆ గదికి ఒక కిటికీ ఉంది. ఉందని ఇంట్లో అందరికీ తెలుసు, చూసి చాలా ఏళ్ళయింది. దాని ముందు నేల నుంచి నిలువెత్తున సామాను. అడుగున బైండరమ్మ తెచ్చి పెట్టుకున్న పుస్తకాలు. గ్రంథాలయం లెక్కలోంచి కొట్టేసినవి, అట్ట ఊడినవి, చెదలు కొరికినవి. తీరిగ్గా బాగుచేద్దామని ఒక్కొక్కటే మోసుకొచ్చింది. వాటి మీద మొగుడి సరుకు. ఆయన కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే పని చేస్తాడు. తీగ చుట్టినా లాభం లేని మోటార్లన్నీ ఆ గదికే చేరాయి. వాటి మీద, మేడ మీద గదిలో ఉండే వదిన సామాను. వదినంటే మొగుడి అక్క. ఆవిడవి ఒక మడత మంచం, మూత పడని సూట్‌కేసులు మూడు, ఎందుకు దాచిందో ఆవిడే మరిచిపోయిన ఒక తలుపు. ఆ ఇంట్లో ఏ వస్తువు గురించి అడిగినా ముగ్గురిదీ ఒకటే జవాబు: ఉండనీ, పనికొస్తుంది.

ఆ సామాను పైఅంచుకూ కిటికీ కమ్మీకీ మధ్య బెత్తెడు సందులోంచి ఎండ పడుతోంది. ఎండ కిందికి వాలే ఈ నెలన్నర మాత్రమే ఎదురు మేడ పక్క నుంచి అది అక్కడికి వస్తుంది. బైండరమ్మ మునివేళ్ళ మీద లేచి, అందులో చెయ్యి పెట్టింది. వేళ్ళకు వెచ్చగా తగిలింది. రెండో చెయ్యి కూడా పెట్టింది. కాళ్ళు నొప్పెట్టేదాకా అలాగే నిలబడి, కిందికి దిగి, కొంగు నడుముకు బిగించింది.

"పొద్దున్నే ఏంటే ఆ చప్పుడు? ఎలుకా?" అన్నాడు మొగుడు ముందు గదిలోంచి.

"ఎలుక కాదు, నేనే."

ఆయన టీ గ్లాసుతో వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. పుస్తకాలు ఒక్కొక్క కట్టగా వీధి గుమ్మానికి చేరుతున్నాయి. బైండరమ్మ ముందు తన సామానుతోనే మొదలుపెట్టింది. ఒకరి చెత్త మీద చెయ్యి వేసే ముందు తన చెత్త వీధిలో కనిపించాలని ఆమె లెక్క. ఒక్కో పుస్తకం తీసినప్పుడల్లా బొటనవేలు దానంతటదే వీపు మీద పాకి, ఎక్కడ కుట్టు తెగిందో వెతుకుతోంది. ఆ వేలిని ఆమె రెండుసార్లు వెనక్కి లాక్కుంది. ముప్పై రెండేళ్ళు రాని తీరిక ఇకనేం వస్తుంది? పాత కాగితాల బండివాడు వచ్చి అన్నీ ఎత్తుకుపోయాడు. ఆమె బండి మలుపు తిరిగేదాకా చూడలేదు, తలుపు వేసి లోపలికి వచ్చేసింది.

"ఇప్పుడు మీవి," అంది మొగుడితో.

"ఆ ఫ్యాను రెక్కలు మూడూ బంగారంలాంటివే. ఉండనీ."

"మూడు రెక్కలుంటే ఫ్యాను అయిపోయినట్టేగా, బిగించుకోండి."

"అవి మూడు ఫ్యాన్లవి," అన్నాడాయన. తర్వాత గ్లాసు కింద పెట్టి, మోటార్లు తనే పెరట్లోకి మోయడం మొదలుపెట్టాడు.

మడత మంచం మెట్ల దాకా వచ్చేసరికి వదిన దిగి వచ్చింది. అరవై దాటిన మనిషి. మెట్టుకొక మాట ఆవిడ అలవాటు.

"ఏం మరదలా, నా మంచం ఎక్కడికి నడుస్తోంది?"

"మీ గదికి వదినా."

"నా గదిలో చోటెక్కడుంది?"

"మా గదిలోనూ లేదు. ఇన్నాళ్ళూ మాకు తెలియలేదు, అంతే."

"రేపు ఎవరైనా వస్తే పడుకోవద్దూ?"

"పదకొండేళ్ళయింది, ఎవరొచ్చారు? వచ్చినవాళ్ళు దాని మీద పడుకుంటే మళ్ళీ లేస్తారా?"

"తమ్ముడూ, వింటున్నావురా?"

తమ్ముడు మోటారులో తల దూర్చి, అందులో ఏదో ప్రాణం మిగిలినట్టు శ్రద్ధగా చూస్తున్నాడు.

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి!" అంది వదిన.

"ఆ దారినే ఎండ వస్తోంది వదినా. కాస్త జరగండి."

వదిన జరిగింది. జరిగి, వేలు చూపించింది. "సరే కానీ. ఒక్క మాట విను. నెల తిరక్కుండా నువ్వే ఆ మూలని మళ్ళీ చిత్తు కాగితాలతో నింపుతావు. నీ చేతులు నాకు తెలుసు. నింపిన రోజున నా మంచం దిగుతుంది. అప్పుడు నోరెత్తకూడదు."

"నింపితే దించుకోండి," అంది బైండరమ్మ. అనేశాక, ఆ మాట ఇంకొంచెం ఆలోచించి అనాల్సిందేమో అనిపించింది.

మర్నాడు సాయంత్రం పనినుంచి వస్తూ పుస్తకాల దుకాణంలోకి వెళ్ళింది. నాలుగు కొత్త పుస్తకాలు కొని తెచ్చింది. మొదటి పేజీ చిరగని పుస్తకం తన సొంతానికంటూ ఉండటం అదే మొదలు. వదినకు ఆ కబురు గంటలో చేరింది.

"నీళ్ళ బిందె నెత్తిన పెట్టుకుని దాహమన్నట్టుంది. లైబ్రరీలో పనిచేస్తూ పుస్తకాలు కొనడమేంటి మరదలా?"

"అక్కడివన్నీ రోగులు వదినా. ఆసుపత్రిలో పనిచేస్తే మాత్రం ఇంటికి చుట్టాలు రాకూడదా?"

తర్వాతి సెలవు రోజున కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, శాలువా కప్పుకుని, నాలుగింటిలోకీ లావుగా ఉన్న నవల తెరిచింది. మొదటి పేజీలో ఒకడు అర్ధాంతరంగా ఇల్లు వదిలి పోతున్నాడు. ఎందుకో చెప్పలేదు. మొదటి పేజీలు అలాగే ఉంటాయని ఆమెకు తెలుసు. హాయిగా ముందుకు సాగింది. నలభై ఎనిమిదో పేజీ దగ్గర ఆగి, వాడు ఎక్కడిదాకా వచ్చాడని తనను తనే ప్రశ్నించుకుంది. జవాబు రాలేదు. రెండో పేజీ నుంచి నలభై ఎనిమిది దాకా అంకెలన్నీ వరసగా ఉన్నాయని మాత్రం ప్రమాణం చేసి చెప్పగలదు.

మళ్ళీ మొదటికి వెళ్ళింది. ఈసారి పన్నెండో పేజీ తిప్పుతుంటే పుస్తకం వీపులోంచి 'చిట్'మని వినిపించింది. వేలు వెళ్ళి చూసింది. కలిపి మడిచిన ఒక్కో ఫారానికి రెండే కుట్లు, మిగిలిందంతా జిగురు మీద వదిలేశారు. పదహారేసి పేజీల ఫారాలు ఇరవై అయిదు. ఇంత బరువుకి రెండు కుట్లా? నలుగురు చదివితే పేలికలవుతుంది. ఆ నలుగురూ ఎవరని ఆమెకు తట్టలేదు. తట్టేసరికి చేతిలో కత్తి ఉంది, అట్ట ఒక పక్క, ఇరవై అయిదు ఫారాలు ఒక పక్క ఉన్నాయి.

చేసేదేముంది, బాగా కుట్టి, మళ్ళీ అట్ట వేసి, అప్పుడు చదువుదామనుకుంది. వేళ్ళు ఆ చలికి సూది పట్టనివ్వలేదు. ముందు అట్టకి కొత్త బట్ట అతికింది. అది ఆరలేదు. బరువు కోసం మొగుడి మోటారు ఒకటి వెనక్కి తెచ్చి పెట్టింది. మోటారుతో పాటు జిగురు గిన్నె వచ్చింది, దారపు ఉండ వచ్చింది, క్యాలికో బట్ట చుట్ట వచ్చింది. ఎలాగూ బరువు పెట్టాం కదా అని గ్రంథాలయం నుంచి రెండంటే రెండు రోగులు వచ్చాయి. పదో రోజుకు కుర్చీ మీద కూర్చోవడానికి చోటు లేదు. అవి దాటుకుని చూస్తే తప్ప ఎండ కనిపించలేదు.

ఆదివారం మెట్ల మీద ఇనుము గోడకు కొట్టుకున్న చప్పుడైంది. బైండరమ్మ బయటికి వచ్చి చూస్తే, మంచానికి ఒక కొస పట్టుకుని మొగుడు వెనక్కి అడుగులేస్తూ దిగుతున్నాడు. రెండో కొస వదిన చేతిలో ఉంది. ఆవిడ మొహంలో గెలుపు.

"మాటంటే మాటే మరదలా. నెల కూడా పట్టలేదు. చెత్తే పెట్టుకునేట్టయితే నా చెత్తకేం తక్కువ?"

బైండరమ్మ వెనక్కి తిరిగి గదిలోకి చూసింది. వదిన అన్నదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. కొత్తగా కొన్న పుస్తకాన్ని కూడా తన చేతులు ఆసుపత్రిలో పడేశాయి. ఇప్పుడు మంచం దిగితే దాని వెనక సూట్‌కేసులు, వాటి వెనక తలుపు. వచ్చే ఏడు చలిలో మళ్ళీ మునివేళ్ళ మీద నిలబడాలి.

ఆమె గదిలోకి వెళ్ళి, గిన్నె, బట్ట, దారం ఒక సంచీలో కుక్కింది. రోగులు రెండూ అందులోకే వెళ్ళాయి. మోటారు ఎత్తి గుమ్మం బయట పెట్టింది. ఆరీ ఆరని అట్టను గోడకు ఆనించింది. కుర్చీ తుడిచి, ఇరవై అయిదు ఫారాల కట్ట ఒళ్ళో పెట్టుకుని, ఎండలో కూర్చుంది. మొదటి ఫారం తీసింది. విడిగా ఉంటే ఎంత తేలికో! ఆ వేళ్ళకు కూడా బరువనిపించలేదు. పేజీ అడుగున అంకె ఉన్నచోట బొటనవేలు గట్టిగా నొక్కిపెట్టి, చదవడం మొదలుపెట్టింది.

వదిన గుమ్మం దాకా వచ్చింది. "అదేంటి? కుట్టకుండానే చదివే బైండరు ఎక్కడైనా ఉందా?"

"చదవకుండా కుట్టే బైండరు ముప్పై రెండేళ్ళు ఉంది కదా వదినా. అప్పుడెవరూ అడగలేదే?"

"ఇవన్నీ విడి కాగితాలు. చిత్తు కాదూ?"

"చదివేదాకా కాదు. గదిలో ఇంకేమైనా చిత్తు కనిపిస్తే చెప్పండి, మంచం దించుకోండి."

వదిన గది నాలుగు మూలలూ చూసింది. గోడకు ఆనించిన అట్టను కూడా చూసింది. ఒక్క అట్టకు మంచం దించడం ఆవిడకే న్యాయం అనిపించలేదు కాబోలు, చూపు తిప్పేసుకుంది.

"అక్కా, బరువుగా ఉంది. పైకా, కిందికా?" అన్నాడు తమ్ముడు మెట్ల మీదనుంచి.

ఆయన మంచాన్ని మెట్లకు ఆనించి లోపలికి వచ్చాడు. అప్పటికి మొదటి ఫారం అయిపోయి కిటికీ గట్టు మీద ఉంది. నిలబడే దాన్ని తీసి చదివాడు. చాలాసేపు చదివాడు.

"ఇంతకీ వీడు ఇల్లు వదిలి ఎందుకు పోయాడే?"

"రెండోదాంట్లో ఉన్నట్టుంది. నాది అవ్వాలి, ఆగండి."

"ఒరేయ్, మంచం!" అంది వదిన.

"ఆగక్కా, వాడు స్టేషన్లో ఉన్నాడు."

వదిన వెళ్ళి మెట్ల దగ్గర మంచం అంచు మీదే కూర్చుంది. మంచం కిర్రుమంది. ఆవిడ లేచి, ఇంకోచోట కూర్చుంది. అక్కడా కిర్రుమంది. ఎండ కిటికీ దాటకముందే అక్కాతమ్ముళ్ళిద్దరూ దాన్ని పైకి మోసుకుపోయారు. మధ్యలో ఆవిడ అతణ్ణి ఏమడిగిందో గాని, "నిజమే అక్కా, చెప్పకుండానే పోయాడు," అంటున్న మాట కిందికి వినిపించింది.

తర్వాతి వారాల్లో చలి నిజంగానే మూట సర్దుకుంది. గ్రంథాలయంలో జిగురు పూటలో ఆరిపోతోంది. గోడకు ఆనించిన అట్ట గలగలలాడేంత ఎండింది. బైండరమ్మ వేళ్ళు సూదికి వంగుతున్నాయి. కిటికీలో ఎండ రోజుకో వేలెడు వెనక్కి తగ్గుతుంటే, ఆమె కుర్చీని రోజుకో వేలెడు ముందుకు జరుపుకుంటోంది. మిగిలిన మూడు కొత్త పుస్తకాల వీపులు 'చిట్'మన్నా సరే, కత్తి దగ్గరికి పోనివ్వనని చేతులకు చెప్పేసింది.

"ఇప్పుడు కుట్టేయరాదూ? ఏ ఫారమైనా పోతే?" అన్నాడు మొగుడు. ఆయన చేతిలో పదకొండోది ఉంది.

"పోతే మీరే పోగొట్టాలి. జాగ్రత్త."

"కుట్టవా మరి?"

"నడుమకి వచ్చాను," అంది బైండరమ్మ. "ఇప్పుడు సూది పట్టుకోమని మేస్త్రి లేచి వచ్చినా పట్టుకోను."

పదమూడో ఫారం తీసి, అంకె మీద బొటనవేలు పెట్టింది.