కాలువ కట్ట మీద ఏడో నంబరు సాంచె

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. సిరిసిల్లలో ఇరవై ఆరేళ్లుగా సాంచాలు నడుపుతున్నాను. పవర్‌లూమ్‌ను మా దగ్గర సాంచె అంటాం. ఆ ఇరవై ఆరేళ్లలో సగం రాత్రి షిఫ్టులే. దయ్యాలే ఉంటే అందరికంటే ముందు మాకు కనిపించాలి కదా? నాకు కనిపించినవల్లా దోమలు, నిలబడే కునుకు తీసే తోటి కార్మికులు. ఫలానా చోట ఏదో కనిపించిందట అని ఎవరైనా అంటే, "ఏం తాగిండో అడుగు" అనేవాణ్ని.

అలాంటి నేనే ఇప్పుడు ఇది రాస్తున్నానంటే సిగ్గుగానే ఉంది. జరిగింది జరిగినట్టు రాస్తాను. నమ్మమని ఎవరినీ బతిమాలను.

ముందు నా చెవుల సంగతి చెప్పాలి. సాంచాల మోతలో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకు వినికిడి తగ్గడం మా ఊళ్లో వింతేం కాదు. మా ఇంట్లో టీవీ పెడితే వాడకట్టు మొత్తానికి వార్తలు తెలిసిపోతాయి. నా కుడి చెవి సగం పనిచేస్తుంది. ఎడమ చెవి పూర్తిగా పోయింది. రెండేళ్ల కింద కరీంనగర్‌లో పరీక్ష చేయిస్తే డాక్టరు కాగితం మీద గీతలు చూపించి, ఎడమవైపు ఇక ఆశ పెట్టుకోవద్దన్నాడు. ఆ కాగితం ఇప్పటికీ బీరువాలో ఉంది.

రెండోది మా పనిలోని ఒక అలవాటు. ఒక్కో మనిషి ఎనిమిదేసి సాంచాలు చూసుకోవాలి. అన్నిటినీ కళ్లతో కనిపెట్టడం కుదరదు. చప్పుడును బట్టే పని. వెనక ఒకటి ఆగిందంటే పోగైనా తెగి ఉండాలి, కండె మీద దారమైనా అయిపోయి ఉండాలి. మనం ఆలోచించేలోపే ఒళ్లు అటు తిరుగుతుంది. నాకు పని నేర్పింది మా నాన్నే. "నడిచే సాంచెను ఏం సూస్తవ్‌రా, ఆగినదాన్ని సూడు" అనేవాడు.

మా నాన్న నడిపినవాటిలో ఏడో నంబరు బాగా ముసలిది. దెబ్బ పడే చోట అరిగిపోతే, పాత సైకిల్ టైరు ముక్క కోసి అక్కడ కట్టాడు. అప్పటినుంచి దానికి కుంటినడక వచ్చింది. మూడు దెబ్బలు సమంగా పడేవి. నాలుగోది కాస్త ఆగి, మెత్తగా పడేది. కార్ఖానాలో ఏ మూల ఉన్నా అది ఏడో నంబరని తెలిసిపోయేది. మా నాన్న పోయిన ఏడాదే దాన్ని తుక్కు కింద అమ్మేశారు. ఆ తర్వాత నాలుగేళ్లకు మా అమ్మాయి మానస పుట్టింది. అంటే తను తాతనూ చూడలేదు, ఆ సాంచెనూ చూడలేదు.

ఇక సైకిళ్ల సంగతి. నాకు షుగర్ వచ్చింది. నడవమంటే బద్ధకం. డిగ్రీ చదువుతున్న మానస అటక మీది పాత సైకిల్ దింపించి, బాగు చేయించి, సెలవు దొరికినప్పుడల్లా నన్ను లాక్కుపోయేది. మొదట మొహమాటంగా ఉండేది. తర్వాత రుచి మరిగాను. చెరువు కట్టలు, వాగు ఒడ్లు, కాలువ గట్లు. పందెం లేదు, తొందర లేదు. నీళ్ల పక్కన నెమ్మదిగా తొక్కడం, నీడ కనిపిస్తే దిగి సర్వపిండి తినడం. మాకు ఒకటే కట్టుబాటు. తను ముందు, నేను వెనక. వెనక నుంచి తను బెల్లు కొట్టినా, కేక వేసినా నాకు వినపడదు కాబట్టి తనెప్పుడూ నా కళ్ల ముందు ఉండాలి. ఈ షరతు పెట్టింది మా ఆవిడ.

మొన్నటి చలికాలంలో రెండు రోజులు సెలవు పెట్టి కోరుట్లలోని వాళ్ల పెద్దమ్మ ఇంటికి సైకిళ్ల మీద బయలుదేరాం. మొదటి రోజు రుద్రంగి మీదుగా కథలాపూర్ చేరి చుట్టాల ఇంట్లో పడుకున్నాం. మర్నాడు ఎండ ఎక్కాక వరద కాలువ కట్ట మీదికి వచ్చాం. మంచి వెలుగు. ఒకవైపు పసుపు చేలు, ఇంకోవైపు నిండుగా పారే కాలువ. రైతుల మోటార్ల పైపులు అక్కడక్కడా నీళ్లలోకి దిగి ఉన్నాయి.

కట్ట నిండా పల్లేరుకాయలు. ముందురోజే మానస సైకిల్ ఒకసారి పంక్చర్ అయింది. అందుకని, "నేను ముంగట వోయి తొవ్వ సూస్త, నా గీత మీదనే రా బిడ్డా" అన్నాను. "అమ్మకు తెలిస్తే తిడ్తది బాపూ" అని నవ్వింది. నేనూ నవ్వి ముందుకు పోయాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

కొంత దూరం పోయాక సాంచె చప్పుడు వినిపించడం మొదలైంది. మొదట చెవిలో హోరు అనుకున్నాను. ఆ హోరు నాకు పాతదే, కీచురాయిలా ఒకటే కూత. కానీ ఇది కూత కాదు, దెబ్బలు. మూడు సమంగా, నాలుగోది ఆగి మెత్తగా. వెనక నుంచి వస్తోంది. ఎడమ చెవిలోకి వస్తోంది.

భయం వేయలేదు. అదే ఇప్పటికీ నాకు వింత. ఏడో నంబరు కదా ఇది అనుకున్నాను, అంతే. పొద్దున షిఫ్టుకు పోతే వినిపించినంత మామూలుగా వినిపించింది. ఆ దెబ్బలకు తగ్గట్టే పెడల్ తొక్కుతున్నాను కూడా.

ఉన్నట్టుండి అది ఆగిపోయింది.

నా ఒళ్లు వెనక్కి తిరిగింది. నేను తిప్పలేదు, ఇరవై ఆరేళ్ల అలవాటు తిప్పింది. కట్ట ఖాళీగా ఉంది. మానస లేదు, సైకిల్ లేదు. కనుచూపు మేర ఎండ తప్ప ఏమీ లేదు.

సైకిల్ అక్కడే పడేసి పరుగెత్తాను. మూడు కరెంటు స్తంభాల దూరం వెనక్కి పోతే కట్ట అంచు విరిగి, తడి మట్టి బయటపడి ఉంది. కిందికి చూశాను. నీళ్లు నా బిడ్డ మెడ దాకా ఉన్నాయి. ఒక మోటారుకు కట్టిన నైలాన్ తాడును రెండు చేతులతో పట్టుకుని వేలాడుతోంది. సైకిల్ మునిగిపోయింది. తన నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. అరుస్తోందని అర్థమైంది కానీ ఒక్క ముక్క వినపడలేదు. నా చెవుల మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు.

బోర్లా పడుకుని తాడు అందుకుని లాగాను. గట్టు నున్నగా జారుతోంది. నేనూ జారుతున్నాను. అంతలో పసుపు చేను లోంచి ఒక రైతు పరుగెత్తుకొచ్చి నా కాళ్లు పట్టుకున్నాడు. ఇద్దరం కలిసి పైకి లాగాం. ఆయన రాకపోతే తాడు కొసన ఇద్దరం వేలాడేవాళ్లం.

ఆయన తన కొట్టం దగ్గర గింజలు ఒలిచిన మక్క బెండ్లు వేసి మంట పెట్టాడు. మానసకు గొంగడి కప్పి, స్టీలు గ్లాసుల్లో చాయ్ పోసిచ్చాడు. తను చాలాసేపు వణికింది. సాంచె సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఈ ఒక్క విషయం మాత్రం ఒట్టు పెట్టి చెబుతాను.

కాసేపటికి మానసే అడిగింది. నాకు వినపడేలా కుడివైపు వచ్చి కూర్చుని అడిగింది.

"బాపూ, గా సాంచె ఎవలది?"

రైతు మా ఇద్దరి వంకా వింతగా చూశాడు. "గీడ సాంచాలు ఎక్కడియి బిడ్డా? మోటర్ల సప్పుడు గూడ లేదు. పొద్దటిసంది కరెంటే లేకపాయె" అన్నాడు.

ఎప్పటినుంచి వినిపించిందని అడిగాను. నీళ్లలో పడగానే మొదలైందట. చెయ్యి చాచితే అందేంత దగ్గర్లో ఎవరో నడుపుతున్నట్టు వినిపించిందట. "మనుషులున్నరు, ఎవలన్న అస్తరని తాడు ఇడువలే బాపూ. లేకుంటే చేతులు ఎప్పుడో ఇడిచేటియి" అంది. నేను తాడు అందుకోగానే ఆగిపోయిందట.

ఎట్లా వినిపించిందని అడిగాను. అడగకుండా ఉంటే బాగుండేదేమో. తను గ్లాసు మీద వేలితో కొట్టి చూపించింది. నా చెవికి సరిగా అందలేదు కానీ వేలు కనిపించింది. మూడుసార్లు సమంగా పడింది. తర్వాత ఆగింది. తర్వాత మెత్తగా పడింది.

ఎవరేమనుకున్నా సరే, పరాయి మనిషి ముందు వెక్కి వెక్కి ఏడ్చాను.

ఇంటికొచ్చాక మా ఆవిడ తిట్టాల్సినవన్నీ తిట్టింది. ఆ తర్వాత తననూ అడిగాను. నేను ఎప్పుడైనా పరధ్యానంగా వేళ్లతో ఆ దెబ్బలు కొట్టానా, మానస చిన్నప్పుడు చూసిందా అని. "ఇరవై రెండేండ్లల్ల నేనైతే సూడలే" అంది. మళ్లీ కరీంనగర్ పోయి చెవుల పరీక్ష చేయించాను. ఎడమవైపు గీత కొత్త కాగితంలోనూ అట్లాగే ఉంది. చచ్చిన చెవిలో రకరకాల మోతలు పుట్టడం మామూలేనని డాక్టరు అన్నాడు. సరే, ఒప్పుకున్నాను. మరి మా అమ్మాయి చెవులు రెండూ బాగున్నాయి కదా సార్ అన్నాను. ఆయన కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు.

నా దగ్గర ఆగిన చప్పుడు అక్కడ ఎట్లా మొదలైందో నాకు తెలియదు. మా నాన్న పేరు తీసుకొచ్చి దీనికి ముడిపెట్టే ధైర్యం నాకు లేదు. కాదనే ధైర్యం కూడా లేదు.

ఇప్పుడూ సైకిళ్ల మీద పోతున్నాం. తను ముందు, నేను వెనక. మొన్న ఒక చెరువు కట్ట మీద కూర్చున్నప్పుడు, నా ఎడమ చెవి పక్కన టిఫిన్ డబ్బా పెట్టి ఆ దెబ్బలు గట్టిగా కొట్టమన్నాను. మానస కొట్టింది. చాలాసేపు కొట్టింది.

నాకు ఏమీ వినపడలేదు.