మందు తాగిన టేకు

వనజ ఒకప్పుడు పత్తి చేలల్లో కూలికి పోయిన మనిషి. పెళ్లయ్యాక ఆ పని మానేసి, తొర్రూరు బస్టాండు వెనక సందులో, రేకుల షెడ్డు కింద, భర్త ఎల్లేశ్‌తో కలిసి గిటార్లు బాగుచేస్తోంది. ఎల్లేశ్ మొదట తలుపులు, కిటికీలు చేసే వడ్రంగి. రెడీమేడ్ తలుపులొచ్చి పని తగ్గిన రోజుల్లో ఒక పాస్టరు మెడ విరిగిన గిటారు తెచ్చి, "జర చూడు ఎల్లేశన్నా" అన్నాడు. చూసి అతికించాడు. ఆ మాట చర్చి నుంచి చర్చికి పాకింది. రెండేళ్లు తిరిగేసరికి సొంతంగా గిటార్లు కట్టడం మొదలుపెట్టాడు. కోతా, వంపూ అతనివి. ఉప్పుకాగితంతో రుద్ది పాలిష్ పట్టడం వనజది.

కొత్త కలప ఎల్లేశ్‌కు గిట్టదు. కూలిన ఇళ్ల దూలాలు, గడపలు, విరిగిన మంచపు పట్టెలు తెచ్చుకునేవాడు. ఏళ్ల తరబడి ఎండిన చెక్కను వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. మహబూబాబాద్‌లో పాత సామాన్లు కొనే సక్రుకు ఈ పిచ్చి తెలుసు.

ఎండలు ముదురుతున్నప్పుడు సక్రు ట్రాలీలో టేకు పలకలు వేసుకొచ్చాడు.

"జనగామ దిక్కు ఓ పాత దుకాణం కూలగొట్టిండ్రన్నా. అరల పలకలివి. పైన నల్లగున్నయ్ గని లోపట మస్తుంటది."

పలకల నిండా గుండ్రటి మరకలు. సీసాలు కారిన చోట్ల చెక్క జిడ్డు తేలి ఉంది.

"ఏం దుకాణమది?" అని వనజ అడిగింది.

"నాకెర్క లేదక్కా. మూసేసి పదేండ్లాయెనంట."

ఎల్లేశ్ అప్పటికే ఒక పలకను తట్టి వింటున్నాడు. అది మోగిన తీరుకు అతని మొహం వెలిగింది. పది పలకల్లో నాలుగు దింపుకున్నాడు.

మూడో రోజు ఊడుస్తుంటే, రంపపు పొట్టు రాలిన చోట చీమలు కుప్పగా చచ్చిపడి కనిపించాయి. ఎండకు చచ్చి ఉంటాయన్నాడు ఎల్లేశ్. గిటారు పక్కలు వంచడానికి సన్నటి పలకను కాలిన ఇనుప గొట్టానికి ఆనించినప్పుడు పొగతోపాటు ఒక వాసన లేచింది. వనజ చేతిలో పని ఆగిపోయింది.

"పత్తి చేన్ల మందు కొట్టినట్టు వాసనస్తుంది."

"పాత వార్నిష్ అది. కాలితే అట్లనే ఉంటది."

ఆమె మళ్లీ ఉప్పుకాగితం అందుకుంది. అప్పుడు గట్టిగా అడగనందుకు తర్వాత తనను తాను ఎన్నోసార్లు తిట్టుకుంది.

ఆ పలకలతో చేసిన మొదటి గిటారు జఫర్‌గఢ్‌లో డిగ్రీ చదివే తేజస్విని తీసుకుపోయింది. ఆదివారాలు చర్చిలో వాయిస్తుంది ఆ పిల్ల. రెండోది మొదలుపెట్టాక ఎల్లేశ్‌కు తలనొప్పి పట్టుకుంది. కళ్లు కారేవి, చొక్కా తడిసిపోయేలా చెమట పట్టేది. ఒక మధ్యాహ్నం ఉలి చేతిలో ఉండగానే పొట్టులో పడిపోయి కాళ్లూ చేతులూ కొట్టుకున్నాడు. నోట్లోంచి నురగ వచ్చింది.

దవాఖానలో డాక్టరు అతని కళ్లు చూసి, వాసన చూసి, వనజ వైపు తిరిగాడు. "ఏం మందు తాగిండమ్మా?"

"తాగలే సార్. పని చేసుకుంట చేసుకుంట పడిపోయిండు."

"వచ్చినోళ్లందరు గిట్లనే అంటరు. డబ్బా దొరికితే పట్కరా. పేరు తెలిస్తే మాకు సులువైతది."

మర్నాడు తెలివొచ్చిన ఎల్లేశ్ చేయి పట్టుకుని ఆమె మెల్లగా అడిగింది: "ఎవలన్న ఏమన్న అన్నరా నిన్ను? నేనేమన్న అన్ననా?"

"నీ మీద ఒట్టు. నేను తాగలే."

నమ్మాలనుంది. నమ్మకం మాత్రం కుదరలేదు. మందు డబ్బా వెతకడానికి షెడ్డుకు వచ్చింది. పెట్టెలు బోర్లించింది, రేకుల సందుల్లో చేయి పెట్టి చూసింది. చివరికి గోడకు ఆనించిన ఆఖరి పలకను జరిపితే, దాని అడుగున అంటుకుని సగం చిరిగిన కాగితం కనిపించింది. దాని మీద పుర్రె బొమ్మ, కింద పురుగుల మందు పేరు.

దాన్ని పాలిథిన్ సంచిలో చుట్టి తెచ్చి డాక్టరు బల్ల మీద పెట్టి, ఆ పలకలు పురుగుల మందుల దుకాణానివని, వాటిని కోసే పొట్టులోనే పడిపోయాడని చెప్పింది. ఆయన చదివి, మందు పేరు కేసు కాగితం మీద రాసుకున్నాడు. తర్వాత, "ఆ పొట్టు కాలబెట్టకుండ్రి. పొగ ఇంకా చెడ్డది" అన్నాడు.

మంచం మీద నుంచి ఎల్లేశ్ లేవబోయాడు. "వనజా, ఆ పిల్ల... తేజస్విని."

ఆ పిల్ల ఫోన్ ఎత్తలేదు. వనజ ఆటో కట్టించుకుని జఫర్‌గఢ్ పోయింది. తేజస్విని చీకటి గదిలో తలకు గుడ్డ కట్టుకుని పడుకుంది. గిటారు దిండు పక్కనే ఉంది. దాని అంచు ఆనే చోట మోచేయి కింద చర్మం ఎర్రగా పొక్కులు లేచింది.

"పరీక్షల టెన్షన్ అనుకున్నక్కా" అంది. విషయం విన్నాక కూడా గిటారు వదలడానికి చేయి రాలేదు. "గింత మంచిగ మోగేది నాకు మళ్ల దొర్కదు."

"నువ్వుంటే ఇంకోటి దొర్కుతది" అని వనజ దాన్ని సంచిలో పెట్టి మూతి బిగించింది.

మిగిలిన ఆరు పలకలు ఏమయ్యాయని సక్రుకు ఫోన్ చేసి అడిగింది. "రేగొండ దిక్కు ఒకాయన వంటింట్ల అరలకని తీస్కపోయిండక్కా."

వనజ, సక్రు ఇద్దరూ రేగొండ పోయి ఇంటింటా అడిగారు. రెండో రోజు ఒక సందు చివర తాళం వేసిన ఇల్లు చూపించారు. కిటికీలోంచి చూస్తే వంటింటి గోడకు ఆరు నల్లటి పలకలు, వాటి మీద పప్పులు, కారం, మూతలేని పిండి డబ్బా. మూడు రోజులుగా ఆ ఇంటి ముసలామెకు వాంతులని, వరంగల్ దవాఖానకు తీసుకుపోయారని పక్కింటామె చెప్పింది. కొడుకు నంబరు ఇచ్చింది.

వనజ అక్కడే గోడకు ఆనుకుని ఫోన్ చేసింది. "అన్నా, నేనెవరో తర్వాత చెప్త. డాక్టరుకు ముందు గీ పేరు చెప్పు" అని కాగితం మీది మందు పేరు అక్షరమక్షరం చదివింది.

ముసలామె బతికింది. తేజస్విని తలనొప్పి నెలకు తగ్గింది. ఎల్లేశ్ పదకొండు రోజులకు ఇంటికొచ్చాడు. కుడిచేతి వేళ్ల వణుకు పోలేదు. ఇప్పుడు ఉలి వనజ పడుతుంది, అతను పక్కన కూర్చుని ఎక్కడ ఎంత తీయాలో చెబుతాడు. గట్టిగా ఊపిరి పీలిస్తే అతనికి దగ్గొస్తుంది.

ఒకసారి సక్రు వచ్చినప్పుడు వనజ అడిగింది, ఆ దుకాణం దూలాలు, తలుపులు ఏమయ్యాయని.

సక్రు నేల చూశాడు. "నాకంటె ముందే ఎవలో ఎత్తుకపోయిండ్రక్కా. యాడికో ఎవలికి ఎర్క లేదు."