మరిడమ్మ నేలవుసిరి మడి

నాకు ముక్కుమీద కోపమని మా బంగళాలో అందరికీ తెలుసు. తోట చూసే మరిడమ్మకి మరీ బాగా తెలుసు.

కశింకోట దగ్గర మావారి తాతముత్తాతలు కట్టిన బంగళా ఇది. జమీందారీ ఏనాడో పోయింది. అడ్డసరం, వావిలి, నేలవుసిరి పెరిగే మందుమొక్కల తోట మాత్రం మిగిలింది. ముప్పై ఏళ్ల కిందట చెరకు చేలల్లో కలుపు తీసే మరిడమ్మని ఇందులో పనికి పిలిచారు. మొదటిరోజే నేలవుసిరి మడంతా శుభ్రంగా పీకి పారేసింది! చేలో అది కలుపే మరి. మా అత్తగారు సూర్యకాంతమ్మ కేకలెయ్యలేదు. "పీకిన చేత్తోనే తెచ్చి నాటు" అన్నారట. మరిడమ్మ చేలగట్లన్నీ తిరిగి, తడిగుడ్డలో చుట్టి తెచ్చి నాటింది. ఆ మడి మళ్లీ ఖాళీ కానివ్వనని ఆవిడకి మాటిచ్చింది.

అత్తగారు పోయిన ఏడాదికి నాకు లాన్ పిచ్చి పట్టింది. బంగళా చూడ్డానికొచ్చేవాళ్లు ఫొటోలు దిగుతారు కదా! మరిడమ్మ చుట్టాల పెళ్లికని ఎలమంచిలి వెళ్లినప్పుడు ఆ మడిని మట్టితో సహా ఎత్తించేసి లాన్ వేయించేశాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తిరిగొచ్చి చూసి, కలుపు తీసే బొరిగె నా ముందు పెట్టేసింది.

"మడి నేకపోతే నాకిక్కడ పనేటి కోడలమ్మా? ఎల్లిపోతాను."

"ఇంతమాత్రానికేనా? మొక్కలు తెప్పిస్తాను, నాటుకో!" కసిరాను.

"నానెందుకు నాటుతాను? పీకించినోలే తెచ్చి నాటాల. మీ అత్తగోరి మాటే ఇది."

ఒళ్లు మండిపోయింది. అయినా వెళ్లాను. మూడు రోజులు గట్లంట తిరిగాను. అన్ని చేలల్లోనూ కలుపుమందు కొట్టేశారు, ఒక్క మొక్క లేదు. నాలుగోరోజు, బెల్లం వండే పాక వెనక, బూడిదకుప్ప పక్కన ఒకటి కనిపించింది. అక్కడే కూర్చుని ఏడ్చాను.

తడిగుడ్డలో చుట్టి తెస్తే మరిడమ్మ రెమ్మ తిప్పి చూసింది. ఆకుల కింద వరసగా గుండ్రటి కాయలున్నాయి.

"ఒక్కటి సాలు. ఇవి రాలితే మడి నిండిపోద్ది."

లాన్ ఒక మూల తవ్వించి నేలమీద కూర్చున్నాను. పుట్టి బుద్ధెరిగి మట్టిలో చెయ్యి పెట్టలేదు నేను.

"అలా నొక్కీకండి, సచ్చిపోద్ది!" అని గదిమింది మరిడమ్మ.

అత్తగారు పోయాక నన్నలా గదిమినవాళ్లు లేరు. నాకు కోపం రాలేదు, విచిత్రం! మరిడమ్మ చెంబెడు నీళ్లు నా చేతికిచ్చి, తన బొరిగె తను తీసుకుంది.